చిప్పలు చెప్పిన సాక్ష్యం: గుల్లల మడిలో మూన్ స్నెయిల్ – ఒక కేస్ స్టడీ

ఈ కేసు నా దగ్గరికి నీటి కాలుష్యం అనుమానంతో వచ్చింది. ఆటుపోట్లు తగిలే ఇసుక మేట మీద పిల్ల గుల్లలను సీడ్‌గా చల్లి పెంచే సాగుదారు ఒకరు, వరుసగా రెండో సీజన్‌లోనూ పంట నిలవడం లేదని చెప్పారు. సీడ్ చల్లిన కొన్ని వారాలకే ఖాళీ చిప్పలు బయటపడుతున్నాయి. అవి పగల్లేదు, విరగలేదు. చాలావాటికి రెండు చిప్పలూ కీలు దగ్గర అతుక్కునే ఉన్నాయి. లోపల మాంసం మాత్రం లేదు. నీటి పరీక్షలు అప్పటికే చేయించారు. లవణీయత, ఆక్సిజన్, ఉష్ణోగ్రత, అమోనియా అన్నీ గుల్లలు తట్టుకునే హద్దుల్లోనే ఉన్నాయి. అయినా ఆయన అనుమానం నీటిని వదల్లేదు. "నీళ్లు బాగుంటే ఇన్ని ఎందుకు చస్తాయండీ?" అన్నారు.

ఆ నివేదికలు పక్కన పెట్టి, ముందు ఖాళీ చిప్పలు పంపమన్నాను. ఏరి పంపవద్దనీ, మడిలో ఒక చోట చదరం గీసి, ఆ గీత లోపల పైన కనిపించేవీ, ఇసుక తవ్వి జల్లెడ పడితే దొరికేవీ అన్నీ ఒకే సంచిలో వేయమనీ చెప్పాను. ఏరేటప్పుడు మనకు తెలియకుండానే తీర్పు ఇచ్చేస్తాం. పెద్దవి, శుభ్రంగా ఉన్నవి చేతికి వస్తాయి. చిన్నవి, విరిగినవి ఇసుకలోనే ఉండిపోతాయి. గుల్లల మరణాల్లో అసలు సాక్ష్యం చాలాసార్లు ఆ చిన్న చిప్పల మీదే ఉంటుంది.

చిప్పల పరీక్ష

కడిగి, ఆరబెట్టి, నల్లటి గుడ్డ మీద పరిచి చూస్తే సగం విషయం అక్కడే తేలిపోయింది. ఖాళీ గుల్లల్లో ఎక్కువ వాటికి ఒక్కో రంధ్రం ఉంది. ఆ రంధ్రం ఉన్న చోటు కూడా దాదాపు మారలేదు. కీలుకు దగ్గరగా, అంబో అనే ఉబ్బెత్తు భాగం పక్కనే కనిపించింది. గుండ్రంగా, ఎక్కడా పెచ్చు లేవకుండా, మరతో తొలిచినంత శుభ్రంగా ఉంది.

భూతద్దం కింద పెడితే రంధ్రం ఆకారం స్పష్టమైంది. బయటి అంచు వెడల్పుగా మొదలై, లోపలికి పోయే కొద్దీ ఏటవాలుగా సన్నబడి, చిప్ప లోపలి వైపున చిన్న నోరుగా ముగుస్తుంది. గోడలు నున్నగా ఉన్నాయి. కొన్ని చిప్పల మీద రంధ్రం సగంలో ఆగిపోయింది. అలా ఆగిన గుంటల అడుగు చదునుగా లేదు. మధ్యలో చిన్న బొడిపె పైకి లేచి ఉంది. రోగ నిర్ధారణలో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే గుర్తు ఆ బొడిపే. ఏటవాలు గోడలు, ఆగిపోయిన గుంటలో నడిమి బొడిపె, ఈ రెండూ కలిసి కనిపిస్తే తొలిచింది నాటిసిడే కుటుంబపు నత్త అని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. మామూలు మాటల్లో మూన్ స్నెయిల్.

అయినా మిగతా అనుమానితులను ఒక్కొక్కరినే పక్కకు తప్పించాలి. రంధ్రం కనిపించగానే నత్త అనేయడం, నీటి మీద నేరం మోపినంత తొందరపాటే అవుతుంది. మ్యూరిసిడే కుటుంబపు నత్తలు కూడా చిప్పలు తొలుస్తాయి. ఆల్చిప్పల సాగుకు పేరుమోసిన శత్రువులు అవే. కానీ వాటి రంధ్రం గోడలు ఇంచుమించు నిట్టనిలువుగా ఉంటాయి. పైగా అవి ఎక్కువగా రాళ్ల మీద, ఆల్చిప్పల గుట్టల మీద పాకుతూ వేటాడతాయి. ఇసుకలో పూడుకుని ఉండే గుల్లల దగ్గరికి రావడం తక్కువ. ఆక్టోపస్ కూడా చిప్పకు రంధ్రం వేసి విషం ఎక్కిస్తుంది. అది చాలా చిన్నదిగా, తరచూ అండాకారంలో, అంచులు సరిగా లేకుండా ఉంటుంది. క్లయోనా అనే తొలిచే స్పంజిక పని అయితే చిప్ప నిండా చిల్లులే. ఆ స్పంజికకు కావలసింది నివాసం, మాంసం కాదు. పాలిడోరా పురుగు చేసే సొరంగం వంకర తిరిగి, చిప్ప లోపలి వైపు బురద బుడగను మిగులుస్తుంది. పీత చిప్ప అంచును చిట్లగొడుతుంది. నక్షత్ర చేప రెండు చిప్పలనూ బలంగా లాగి తెరుస్తుంది కాబట్టి గుర్తే మిగలదు. వ్యాధో, నీటి దోషమో అయితే చిన్నా పెద్దా తేడా లేకుండా చస్తాయి, నోరు తెరుచుకున్న చిప్పల్లో కుళ్లిన మాంసం దొరుకుతుంది. ఈ సంచిలో కుళ్లిన మాంసం లేదు.

లెక్కకట్టే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. నత్త ఒక గుల్లకు సాధారణంగా ఒక చిప్పకే రంధ్రం వేస్తుంది. అలలకు కీలు తెగి చిప్పలు విడిపోయాక విడివిడిగా లెక్కపెడితే, నత్త చంపిన ప్రతి గుల్లా రంధ్రం ఉన్న చిప్ప ఒకటి, లేని చిప్ప ఒకటిగా లెక్కలోకి వస్తుంది. అంటే నత్త వాటా సగానికి సగం తక్కువగా కనిపిస్తుంది. సాగుదారు తాను స్వయంగా వేసుకున్న లెక్కలో నత్త భాగం "కొద్దిగా" మాత్రమే అని తేలడానికి కారణం ఇదే. కీలుతో ఉన్న జతలను వేరుగా, విడి చిప్పలను వేరుగా లెక్కకట్టాక చిత్రం మారిపోయింది.

రంధ్రం లేని ఖాళీ జతలు కూడా కొన్ని ఉన్నాయి. వాటినీ నత్త ఖాతాలోంచి పూర్తిగా తీసేయలేం. మూన్ స్నెయిల్ ఎప్పుడూ తొలిచే తింటుందని లేదు. గుల్లను పాదంతో గట్టిగా చుట్టి ఉంచితే, లోపల ఊపిరాడక చిప్పలు సడలిపోతాయి. అప్పుడు తొలచకుండానే తినేస్తుంది. హాంకాంగ్‌లో పోలినిసెస్ అనే మూన్ స్నెయిల్ ప్రజాతి నత్తల మీద జరిగిన పరిశీలనలో ఇలాంటి వేటను నమోదు చేశారు. కాబట్టి రంధ్రాల లెక్క నత్త చంపిన వాటి కనీస సంఖ్యను మాత్రమే చెబుతుంది.

రంధ్రం సైజు కూడా ఒక సమాచారమే. బయటి అంచు వ్యాసం నత్త సైజుతో పాటు పెరుగుతుంది. కాలిపర్‌తో కొలిస్తే ఇక్కడి రంధ్రాలు స్పష్టంగా రెండు గుంపులుగా విడిపోయాయి. ఒకటి బాగా చిన్నవి, మరొకటి పెద్దవి. ఎదిగిన నత్తలతో పాటు ఈ మధ్యే ఇసుకలో దిగిన పిల్ల నత్తలు కూడా మడిలో ఉన్నాయని నాకు అక్కడే అనుమానం కలిగింది.

మడిలో

పాటు బాగా తీసిన వేళ మడిలోకి దిగాం. మూన్ స్నెయిల్‌ను వెతకడానికి నత్త కోసం చూడకూడదు, ఇసుక మీద గీత కోసం చూడాలి. అది ఇసుక పై పొర కిందే జరుగుతూ పోతుంది కాబట్టి, వెనక ఒక వెడల్పాటి గాడి మిగులుతుంది. ఆ గాడి ఎక్కడ ఆగితే అక్కడ ఇసుక కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు కింద చెయ్యి పెడితే నత్త దొరుకుతుంది.

దొరికిన నత్తను మొదటిసారి చూసినవాళ్లు అది ఆ పెంకులోదే అంటే నమ్మలేరు. నున్నగా మెరిసే గుండ్రటి పెంకు చుట్టూ, ముందూ వెనకా, పెంకులో ఏ విధంగానూ పట్టదనిపించేంత మెత్తటి పాదం పరుచుకుని ఉంటుంది. పాదం ముందు భాగం తల మీదికి మడతలా లేచి, పెంకు ముందు వైపును కప్పేస్తుంది. ఇసుకను పక్కకు నెట్టేది అదే. ఆ పరిమాణమంతా కండ కాదు. నత్త సముద్రపు నీటిని పాదంలోని సన్నటి నాళాల్లోకి తీసుకుని దాన్ని ఉబ్బించుకుంటుంది. చేతిలోకి తీసుకుని కాస్త ఆగితే, పాదం అంచుల నుంచి నీళ్లు చిమ్ముతూ ముడుచుకుపోతుంది. నీరంతా పోతే తప్ప పెంకులోకి పూర్తిగా దూరలేదు. చివరికి వెనక ఉన్న మూత నోటిని మూసేస్తుంది. ఆ మూత గోరులాంటి పదార్థంతో, పలుచగా, గోధుమ రంగులో ఉంది. నాటిసిడే కుటుంబంలో కొన్ని ప్రజాతుల మూత సున్నపు పదార్థంతో గట్టిగా ఉంటుంది. పోలినిసెస్ వర్గంలో ఇలా పలుచగా ఉంటుంది. ఇది రెండో రకం.

సాగుదారు ఈ నత్తలను అంతకుముందు చూడలేదని కాదు. "ఇవి ఎప్పుడూ ఉండేవేనండీ, మెత్తటి ప్రాణులు, ఇవేం చేస్తాయి?" అన్నారు. ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. ఈ నత్త వేట మొత్తం ఇసుక కింద జరుగుతుంది. గుల్లను పట్టుకున్నాక దాన్ని కిందికి తీసుకుపోయి, అక్కడే తొలిచి, తిని, ఖాళీ చిప్పను అక్కడే వదిలి వెళుతుంది. అలలు ఇసుకను కదిపాకే ఆ చిప్ప పైకి వస్తుంది. చంపినప్పటికీ, మనిషి కంటికి కనిపించినప్పటికీ మధ్య ఇంత ఎడం ఉండటం వల్లే, చిప్పలు బయటపడిన వారం నీటిలో ఏం జరిగిందా అని ఆయన వెతుకుతూ వచ్చారు.

ఆ నడకలోనే ఇసుక కాలర్లు కనిపించాయి. వంపు తిరిగిన బూడిద రంగు పట్టీలు, రెండు కొసలూ ఒకదాని మీదికి ఒకటి వచ్చి దాదాపు వలయంగా ఉన్నాయి. సాగుదారు వాటిని ఏదో రబ్బరు చెత్త అనుకుని పక్కకు తన్నేవారు. అవి ఈ నత్త గుడ్ల పట్టీలు. ఆడ నత్త ఇసుక కింద ఉండి జిగురును, గుడ్లను, ఇసుక రేణువులను కలిపి ఒక పలుచటి పొరగా బయటికి నెడుతుంది. ఆ పొర తన పెంకు చుట్టూ తిరిగి ఆ వంపు పొందుతుంది. తడిగా ఉన్నంతసేపు వంగుతుంది, ఎండితే చేతిలో పొడి అవుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే ఇసుక రేణువుల మధ్య గుడ్ల గూళ్లు చుక్కచుక్కలుగా కనిపిస్తాయి. ఒక పట్టీలో వేల గుడ్లు ఉంటాయి. అంచులు చిరిగి, పీలికలై, తాకితే విడిపోతున్న పట్టీ దొరికితే పిల్లలు అప్పటికే బయటికి పోయాయని అర్థం.

తొట్టెలో చూసింది

తొలిచింది ఇదేనని రుజువు కావాలి కాబట్టి, కొన్ని నత్తలను, అదే మడిలోని సీడ్‌ను అద్దాల తొట్టెలో ఇసుక పోసి ఉంచాను. నత్త అద్దం పక్కకు వచ్చి వేటాడితే లోపలి పని కనిపిస్తుంది. అందుకు ఓపిక ఒక్కటే మార్గం.

గుల్ల ఎక్కడ ఉందో అది కళ్లతో చూడదు. ఇసుకలో బతికే ఈ కుటుంబంలో కళ్లు క్షీణించిపోయాయి. నీటి గొట్టం ద్వారా లోపలికి వచ్చే నీటిలోని వాసనను పసిగట్టి, పాదం తాకిడితో నిర్ధారించుకుంటుంది. గుల్లకు పాదం తగలగానే ముందు మడత దాని మీదికి పోతుంది. గుల్ల ఊరుకోదు. తన పాదాన్ని బయటికి చాచి ఒక్కసారిగా విదిల్చి ఎగిరి పక్కకు పడటానికి ప్రయత్నిస్తుంది. అలా తప్పించుకున్నవీ ఉన్నాయి. తప్పించుకోలేనిదాన్ని నత్త పాదంతో పూర్తిగా చుట్టేసి, జిగురు పూసి, ఇసుక కిందికి దిగుతుంది.

అక్కడ గుల్లను పాదంలోనే అటూ ఇటూ తిప్పుతుంది. నేను ఎక్కువసేపు చూసింది, మళ్లీ మళ్లీ చూడాలనిపించింది ఈ తిప్పడాన్నే. గుల్ల ఒక నిర్దిష్టమైన భంగిమకు వచ్చేదాకా వదలదు. వచ్చాక ఆ చిప్ప మీద తొండం ఆనిస్తుంది. రంధ్రాలన్నీ అంబో పక్కనే ఎందుకు ఉన్నాయన్న దానికి సమాధానం ఆ పట్టులోనే ఉంది. పాదం గుల్లను పట్టే తీరు ఒక్కటే కావడంతో తొండం ఆనే చోటూ ఒక్కటే అవుతోంది.

తొలిచే పనిలో రెండు సాధనాలు వంతులవారీగా దిగుతాయి. ఒకటి రాడ్యులా, అంటే వరుసలు వరుసలుగా పళ్లున్న పట్టీ. రెండోది తొండం కొసన, కింది పెదవి వైపు ఉండే చిన్న మెత్తటి దిండులాంటి గ్రంథి. జర్మన్ జంతుశాస్త్రవేత్త పౌలుస్ షీమెన్జ్ 1891లోనే నాటికా నత్తలో ఈ గ్రంథి పాత్రను వివరించాడు. తర్వాత అమెరికన్ శాస్త్రవేత్త మెల్బోర్న్ కారికర్ దశాబ్దాల పాటు తొలిచే నత్తల మీద పనిచేసి ఆ రసాయన ప్రక్రియను విడమరిచాడు. మ్యూరిసిడే నత్తల్లో ఈ అవయవం పాదం అడుగున ఉంటుంది, నాటిసిడేల్లో తొండం మీద ఉంటుంది. గ్రంథి చిప్పకు అంటుకుని ఆమ్ల గుణం ఉన్న స్రావాన్ని, ఎంజైములను వదులుతుంది. చిప్ప కేవలం కాల్షియం కార్బొనేట్ కాదు. స్ఫటికాల మధ్య సేంద్రియ పదార్థం అల్లుకుని ఉంటుంది. స్రావం ఆ రెంటినీ సడలిస్తుంది. అప్పుడు గ్రంథి పక్కకు తప్పుకుంటుంది, రాడ్యులా వచ్చి సడలిన పొరను గీకి తీస్తుంది. మళ్లీ గ్రంథి, మళ్లీ రాడ్యులా. గీకడం కొద్దిసేపే, స్రావం పూయడమే ఎక్కువసేపు. పళ్లతో మాత్రమే పని కానివ్వాలంటే చిప్ప కన్నా ముందు పళ్లే అరిగిపోతాయి.

ఈ పనికి పట్టే సమయం ఈ కేసులో చాలా ముఖ్యం. పరిశోధకురాలు జెన్నిఫర్ కిచెల్, ఆమె సహచరులు 1981లో ప్రచురించిన పనిలో, ఇప్పుడు నెవెరిటా డూప్లికేటా అని పిలిచే మూన్ స్నెయిల్ గంటకు సుమారు 0.02 మిల్లీమీటర్ల చొప్పున తొలుస్తుందని తేలింది. అంటే రోజంతా తొలిచినా అర మిల్లీమీటరు. చిప్ప మందం ఒక మిల్లీమీటరు ఉంటే లోపలికి చేరడానికే దాదాపు రెండు రోజులు. తొట్టెలో చూసిన వేగం కూడా ఇదే తరహాలో ఉంది. అన్నాళ్లూ గుల్ల బతికే ఉంటుంది, చిప్పలు బిగించుకునే ఉంటుంది. రంధ్రం పూర్తికాగానే తొండం లోపలికి పోతుంది, రాడ్యులా మాంసాన్ని తురుముతూ లాగుతుంది. గుల్ల బలం సడలి నోరు తెరుచుకున్నాక మిగతాది సులువు. తిన్నాక వదిలిన చిప్పలో తుడిచిపెట్టినట్టు ఏమీ ఉండదు. సాగుదారు పంపిన సంచిలో ఒక్కదానిలోనూ కుళ్లు లేకపోవడానికి కారణం దొరికింది.

ఎంపిక

ఇంత ఖరీదైన పని కాబట్టి నత్త దొరికిన ప్రతి గుల్లా మీదా చెయ్యి వేయదు. కిచెల్ బృందం చూపించింది అదే. తొలచడానికి పట్టే సమయానికి దొరికే మాంసం ఎంత అన్న లెక్కకు నత్త ఎంపిక చాలా దగ్గరగా నడుస్తుంది. మరీ చిన్న గుల్ల తొందరగా తెగుతుంది, కానీ మాంసం లేదు. మరీ పెద్దదాని చిప్ప మందం, రోజులు పడతాయి. అంతకన్నా ముఖ్యంగా, పాదంలో చుట్టి పట్టుకోలేనంత పెద్దది అసలు దక్కదు. మధ్యలో ఒక సైజు ఉంటుంది. అది నత్త సైజును బట్టి మారుతుంది.

ఈ మడిలో సమస్య అంతా ఈ మధ్య సైజులోనే ఉంది. చల్లుతున్న సీడ్ చిప్ప ఇంకా పలుచగా ఉండి, మాంసం అప్పుడే నిండుతున్న దశలోది. పైగా ఒత్తుగా చల్లారు. ఎదిగిన నత్తకూ అది అనుకూలమే, పిల్ల నత్తకు దానిలోని చిన్నవి అనుకూలం. పిల్ల నత్తలు ఇసుకలో దిగిన తొలి రోజుల నుంచే తొలుస్తాయి. ఎదిగాక నేర్చుకునే పని కాదు అది. చిప్పల మీద రెండు సైజుల రంధ్రాలు కనిపించిన దానికి మడిలో దొరికిన నత్తల సైజులు సరిగ్గా సరిపోయాయి. రంధ్రాలు ఉన్న నత్త పెంకులు కూడా జల్లెడలో దొరికాయి. మూన్ స్నెయిళ్లు తమ జాతి వాటినే తొలిచి తింటాయి. ఇదే ఏటవాలు రంధ్రం డైనోసార్ల నాటి క్రెటేషియస్ కాలపు శిలాజ చిప్పల మీదా దొరుకుతుంది. శిలాజాల పరిశోధకుడు రిచర్డ్ బ్రామ్లీ 1981లో ఆ ఆకారపు జాడకు ఒయిక్నస్ పారాబొలాయిడిస్ అని పేరు పెట్టాడు. సుమారు పది కోట్ల ఏళ్లుగా సాగుతున్న వేట ఇది. ఆ ఇసుక మేట మీద గుల్లల సాగు మొదలుకాక ముందూ ఈ నత్త ఇలాగే బతికింది. కొత్తగా వచ్చి చేరింది ఒక్కటే, సరైన సైజులో ఒకే చోట గుట్టగా చల్లిన ఆహారం.

ఏం చేశాం, ఏం చేయలేదు

సాగుదారు మొదట అడిగింది మందు. ఇసుకలో ఏదైనా చల్లితే నత్తలు చస్తాయా అని. చస్తాయి. గుల్లలూ చస్తాయి, పురుగులూ చస్తాయి, మడి కింద ఇసుకను బతికించే ప్రతి ప్రాణీ చస్తుంది. ఈ విషయంలో నేను బేరానికి ఒప్పుకోను. నత్తకూ గుల్లకూ శరీర నిర్మాణం ఒకే కోవకు చెందినది. ఒకదాన్ని చంపి రెండోదాన్ని ముట్టని మందు ఈ ఇసుకలో వాడటానికి లేదు.

ఎదిగిన నత్తలను చేత్తో ఏరడం మొదలుపెట్టాం. పాటు వేళల్లో, గాడి చూసుకుంటూ, సీడ్ చల్లే ముందు మడి మొత్తం. ఇది శ్రమ, కానీ నమ్మదగిన పని. ఎదిగిన ఒక్క నత్తను తీసేస్తే అది సీజన్ అంతా తినబోయే గుల్లలు మిగిలినట్టే. ఏరిన నత్తలను మడికి దూరంగా, సాగు లేని ఇసుక మేటకు తరలించాం. అక్కడ అవి ఉండాల్సినవే. వాటి ఖాళీ పెంకుల్లో సన్యాసి పీతలు కాపురం ఉంటాయి, వాటిని పీతలు, పక్షులు తింటాయి. అన్నీ చంపేయాలని సాగుదారు పట్టుబట్టారు. మడి సరిహద్దు దాటాక ఆ నత్త మన సమస్య కాదని నచ్చజెప్పడానికి కొంత సమయం పట్టింది.

కాలర్ల విషయంలో ఆయన ఉత్సాహాన్ని కాస్త తగ్గించాల్సి వచ్చింది. గుడ్లను తీసేస్తే నత్తలు పుట్టవు కదా అన్నది ఆయన వాదన. చైనా నుంచి తెచ్చిన గుల్లలతో పాటు ఒక మూన్ స్నెయిల్ జాతి జపాన్ ఈశాన్య తీరానికి చేరి అక్కడి గుల్లల మేటలను దెబ్బతీసింది. అక్కడ కాలర్లు ఏరడం ఒక పద్ధతిగా సాగింది. ఆ జాతి పిల్లలు పుట్టిన చోటికి దగ్గరలోనే ఇసుకలో దిగుతాయి కాబట్టి అందులో అర్థం ఉంది. కానీ చాలా జాతుల్లో గుడ్ల నుంచి వచ్చేవి ఈదులాడే డింభకాలు. అవి నీటి ప్రవాహంలో కొట్టుకుపోయి మరెక్కడో దిగుతాయి. మన మడిలో దిగే పిల్ల నత్తలు ఇంకెక్కడి కాలర్ల నుంచో వచ్చి ఉండవచ్చు. మన జాతి ఏ రకమో తేల్చుకోవడానికి ఒక తాజా కాలర్‌ను తొట్టెలో ఉంచి, పొదిగాక నీటిని సన్నటి గుడ్డలో వడకట్టి చూశాం. సూక్ష్మదర్శినిలో వెంట్రుకల అంచులున్న తెరలతో ఈదుతున్న డింభకాలు కనిపించాయి. ఈదే రకమే. కాబట్టి కాలర్లు కంటపడితే తీయడం మంచిదే గానీ, కూలీలను పెట్టి వాటి కోసమే మడి తిరగడం డబ్బు దండగ అని తేల్చాను. దొరికిన తాజా కాలర్లను పోటు నీరు అందని చోట ఎండబెట్టాం. నీటి అంచున విసిరితే గుడ్లు బతుకుతాయి.

అన్నిటికన్నా పనిచేసింది సీడ్ సైజు మార్చడం. పిల్ల గుల్లలను నేరుగా ఇసుకలో చల్లకుండా, నేల నుంచి పైకి లేపిన సంచుల్లో మరికొంత కాలం పెంచి, చిప్ప గట్టిపడ్డాక చల్లాం. మడిలోని మధ్యరకం నత్త పాదానికి అవి పట్టవు, పట్టినా తొలచడానికి ఎక్కువ రోజులు కావాలి. ఒత్తు తగ్గించి చల్లాం. చల్లే సమయాన్ని వేడి తగ్గే కాలానికి మార్చాం, ఎందుకంటే నీరు చల్లబడితే నత్త తిండి మందగిస్తుంది. ఆ వ్యవధిలో గుల్లలు ఇసుకలో లోతుగా స్థిరపడతాయి. మడి మీద వల పరచి, అంచులు ఇసుకలో లోతుగా పూడ్చాం. వల గురించి స్పష్టంగా చెప్పాను. అది పక్షులను, పీతలను ఆపుతుంది గానీ ఇసుక కింద తిరిగే నత్తను పూర్తిగా ఆపలేదు. లోపల నత్తలను ఏరకుండా వల వేస్తే, వేటగాణ్ణి ఆహారంతో కలిపి లోపల పెట్టి తాళం వేసినట్టే.

తర్వాతి సీజన్ చిప్పలు

అదే చదరం పద్ధతిలో చిప్పలు తీసి చూశాం. ఖాళీ చిప్పలు బాగా తగ్గాయి. మిగిలిన వాటిలోనూ పూర్తి రంధ్రాల వాటా తగ్గి, సగంలో ఆగిపోయిన గుంటల వాటా పెరిగింది. ఆగిన గుంట ఉన్న గుల్లల్లో చాలావరకు బతికే ఉన్నాయి. గుంట అడుగున లోపలి వైపు నుంచి గుల్ల కొత్త పొర పేర్చుకున్న గుర్తు కొన్నిటిలో కనిపించింది. నత్త పట్టుకుని, మొదలుపెట్టి, మధ్యలో వదిలేసిందన్నమాట. మందపాటి చిప్ప దానికి ఒక కారణం. పని మధ్యలో మరో నత్తో, పీతో అడ్డం రావడం మరో కారణం కావచ్చు.

నత్త తిన్నవి ఎక్కువగా మడి సముద్రం వైపు అంచున దొరికాయి. అటు నుంచే నత్తలు లోపలికి వస్తున్నాయి కాబట్టి ఏరడం ఆ అంచున మాత్రం కొనసాగించమన్నాను, మడి మొత్తం తిరగనక్కర్లేదు.

ఒక కొత్త సంగతి కూడా బయటపడింది. అదే అంచున దొరికిన చిన్న చిప్పల్లో కొన్నిటికి రంధ్రం లేదు, కానీ అంచు చిట్లి ఉంది. అది పీత గుర్తు. నత్త నష్టం ఎక్కువగా ఉన్నన్నాళ్లూ దాని వెనక ఇది కనిపించలేదు. అక్కడి వల అంచు ఇసుకలోంచి పైకి తేలిపోయిందని సాగుదారు వెళ్లి చూసి చెప్పారు. ఆ అంచును మళ్లీ పూడ్చి, చిట్లిన చిప్పలను రంధ్రం ఉన్న వాటి నుంచి విడిగా లెక్కకట్టడం ఇప్పుడు ఆయనే చేస్తున్నారు.